రెండు రింగులు, ఒక బీడీ

మా అన్న ధనశేఖర్‌కు ఒక గుణం ఉంది. ఏ వస్తువు మొరాయించినా దాన్ని నిలువునా విప్పేస్తాడు. అలా విప్పాక బాగుపడ్డవి ఒకటో రెండో ఉన్నాయి గానీ, గోనెసంచిలో మూటకట్టి అటక మీదికి చేరినవే ఎక్కువ. అందుకే ఆ మంగళవారం పొద్దున అతను స్క్రూడ్రైవర్ అందుకోగానే నా గుండెల్లో రాయి పడింది. అతని ముందున్నది కంప్యూటరు. దానికి ఒక ఉత్తరం వచ్చి ఉంది. ఎదురింటి ధరణి మొగుడు బతికున్నాడో లేదో ఆ ఉత్తరంలో ఉంది.

పాకాల స్టేషన్ రోడ్డులో మాది ఎస్టీడీ బూతు. నాన్న పోయాక అన్నా నేనూ నడుపుతున్నాం. కిందటేడు అన్న మద్రాసు వెళ్లి ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరూ, దానికొక మోడెమూ కొనుక్కొచ్చి, బూతు బోర్డు కింద ‘ఇంటర్నెట్’ అని ఎర్ర రంగుతో రాయించాడు. మోడెమంటే అరచేయంత నల్ల డబ్బా. ఫోను తీగ దానికి తగిలిస్తే అది తిరుపతిలోని నెట్ కంపెనీ నంబరుకు తనే ఫోను చేసి, తోక తొక్కిన పిల్లిలా కాసేపు అరిచి, ఆ తరువాత గమ్మునుండి లోకాన్ని చూపిస్తుంది. దానికి మనసైతేనే. ఊళ్లో అప్పటికి ఇంకో నెట్ లేదు.

లైను మాత్రం ఒక్కటే. అన్న నెట్‌లో ఉంటే బూతుకు ఫోను లేదు. ‘మీ నంబరు ఎప్పుడూ ఎంగేజే’ అని వచ్చిన ప్రతివాడూ దెప్పడంతో పోయిన నెల అన్న టెలిఫోన్ ఎక్స్‌చేంజికి వెళ్లి కాల్ వెయిటింగ్ పెట్టించుకొచ్చాడు. ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరు చేస్తే చెవిలో చిన్న శబ్దం వస్తుంది, అంతే. దాన్నే ఏదో విమానం కొన్నంత గొప్పగా వీధి వీధంతా చెప్పుకున్నాడు.

మా నంబరు వీధిలో సగం ఇళ్లకు పీపీ నంబరు, అంటే వాళ్లకు ఫోనొస్తే కబురు మేం చేరవేయాలి. ముఖ్యంగా లారీ డ్రైవర్ల ఇళ్లకు. డ్రైవర్లు ఫోనులో మాట్లాడరు, రింగిచ్చి పెట్టేస్తారు. ఎత్తని ఫోనుకు బిల్లు పడదు కదా. ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క. ధరణి మొగుడు ధర్మేంద్రది ఇదీ: ఒక్క రింగైతే ‘చేరినాను’, రెండు రింగులైతే ‘లోడు దించినాను, ఇంటికి బయల్దేరినాను’. రాంగ్ నంబరేమో అని మేం పొరబడకుండా, బూతు బయటికి వచ్చి ఒక బీడీ తాగి, మళ్లీ లోపలికి పోయి అవే రింగులు ఇంకోసారి ఇస్తాడు. అందుకని మూడో రింగు దాకా ఫోను మీద చెయ్యి పెట్టకూడదన్నది మా బూతులో కట్టుబాటు. నేను లెక్కపెట్టి, గుమ్మంలోకి వచ్చి, “ధరణీ, మీ ఆయన రెండు కొట్టినాడు!” అని ఎదురింటికి కేక వేసేదాన్ని. ఆమె లోపలి నుంచి “విన్నా, విన్నా” అనేది. ఆ గొంతులో సంతోషం దాచుకోవాలని చూసేది, దాగేది కాదు.

ఆ జనవరిలో ధర్మేంద్ర గ్రానైటు రాళ్ల లోడు తీసుకుని గుజరాత్‌లో గాంధీధామ్‌కు వెళ్లాడు. క్లీనరు జ్వరమొచ్చి దారిలోనే దిగిపోయాడని వేరే బండివాళ్లు చెప్పారు. గురువారం సాయంత్రం ఒక్క రింగు వచ్చింది. ఒక బీడీ తాగేంతసేపటికి మళ్లీ ఒక్కటి. చేరాడన్నమాట. తెల్లవారితే రిపబ్లిక్ డే. బళ్లో జెండా ఎగరేసి పిల్లలకు బిళ్లలు పంచుతున్న వేళకు అక్కడ భూమి కదిలింది. మధ్యాహ్నానికి టీవీలో చూశాం. ఊళ్లకు ఊళ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. గాంధీధామ్ పేరు కూడా చదివారు. ధరణి మా ఇంట్లో టీవీ ముందు నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ రోజు నుంచి రింగు లేదు.

గుజరాత్‌కు ఫోను చేస్తే ‘ఈ మార్గంలోని అన్ని లైన్లూ బిజీగా ఉన్నాయి’ అని ఒకటే పాట. ధరణి మేనమామ కొడుకు సునీల్‌కుమార్ రాజ్‌కోట్‌లో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఆదివారం ఎలాగో ఒక్కసారి అతను దొరికాడు. “మా కంపెనీ జీపు పోతాండాది, నేనూ పోతాండా. లారీలు నిలబెట్టే యార్డంతా సూసి వస్తా. ఫోన్లు కలవవు శేఖరన్నా, వచ్చినాక మెయిల్ కొడతా, సూసుకో” అన్నాడు. అంతలో తెగిపోయింది.

మంగళవారం ఏదో పార్టీవాళ్ల బంద్. బస్సులు లేవు, బజారు మూత. మేమూ షట్టరు సగానికి దించి కూర్చున్నాం. అన్న కుర్చీ వెనక ధరణి నిలబడింది. వాళ్ల మామ చెంగయ్య గుమ్మం పక్క బెంచీ మీద, భుజాన తుండుగుడ్డతో కూర్చున్నాడు. ఆయన చేతిలో బీడీకట్ట ఉంది గానీ శుక్రవారం నుంచి ఒక్కటీ వెలిగించలేదు. కొడుకు సంగతి తెలిసేదాకా ముట్టనని కొండ మీది స్వామికి మొక్కుకున్నాడు. బీడీ లేకపోతే అన్నమే దిగని మనిషి. ఊరికే ఆ కట్టను ఇటూ అటూ తిప్పుతూ ఉన్నాడు.

మోడెము అరిచింది, గమ్మునుంది, పచ్చదీపాలు వెలిగాయి. అన్న మెయిల్ పెట్టె తెరిచాడు. కొత్తది ఒక్కటే ఉంది. సునీల్‌కుమార్ పేరు, పక్కన ‘ధర్మేంద్ర లారీ’ అని లావు అక్షరాలు.

“వచ్చిండాది!” అని అన్న అరిచాడు. ధరణి కుర్చీ వీపును పట్టుకుంది. అన్న ఉత్తరం మీద నొక్కాడు. తెర తెల్లగా అయింది. మేం ముగ్గురం దాంట్లోకి దూరిపోయేలా వంగాం. దీపాలు టప్పున ఆరిపోయాయి. లైను తెగింది.

“ఏం లేదు, ఏం లేదు. మళ్లీ కలుపుతా” అన్నాడు అన్న. మళ్లీ అరుపు, మళ్లీ దీపాలు, మళ్లీ పెట్టె తెరవడం. దాని నడక తెలిసిందే కదా, పచ్చిచింత కొమ్మలు పెట్టి పొయ్యి వెలిగించినట్టు. ఈసారి తెర మీద ఒక వరుస పడింది. ‘డియర్ శేఖర్, ఐ ఫౌండ్ ద లారీ. బట్’

అక్కడికి మళ్లీ తెగింది.

అన్న వెంటనే బెంచీ వైపు తిరిగాడు. “పెదనాయనా, లారీ కనపడిందంట!”

చెంగయ్య సగం లేచాడు. “నా కొడుకు?”

అన్న మళ్లీ తెర వైపు తిరిగాడు. ధరణి ఇంటరు దాకా చదివింది. ఆమె తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే, “లారీ కనపడిందంట మామా. ఆ తరవాత ‘అయితే’ అని ఉండాది. అంతే ఉండాది” అంది. ఆ మాట ఆమె ఎంత మెల్లగా అందంటే, నాకు ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

అప్పుడే అన్న స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

మొదట అనుమానం ఫోను మీద పడింది. ఒకే తీగ మీద ఫోనూ మోడెమూ రెండూ ఉంటే ఒకదాని గొడవ ఒకదానికి తగులుతుందట. బల్ల మీది ఫోనును తీగతో సహా పీకి చుట్టచుట్టి బీరువాలో పడేశాడు. “ఇంక లైనంతా దీనికే” అన్నాడు. తరువాత గోడకున్న తెల్లడబ్బా విప్పాడు. దాన్నిండా ఎర్రచీమలు కాపురం పెట్టి ఉన్నాయి. వాటిని ఊది, దూది స్పిరిటులో ముంచి తుడిచాడు. ఆ తరువాత తీగ మీద పడ్డాడు. అటక మీది మూటలోంచి పాత తీగ ఒకటి లాగి, అది చాలక ఫోను తీగలోంచీ ఒక ముక్క కోసి, పళ్లతో తొక్క ఒలిచి, దీన్ని దానికి, దాన్ని దీనికి మెలేసి, గది మధ్యన బట్టలారేసే దండెంలా కట్టాడు.

ఇంత చేశాక కలిపితే ‘డయల్ టోన్ లేదు’ అని వచ్చింది. తీగలు అటుదిటు చేస్తే డయల్ టోన్ వచ్చింది గానీ ఆ నంబరు ఎంగేజ్. అది వదిలాక పాస్‌వర్డు తప్పు అంది. చూస్తే కంగారులో అన్న పెద్ద అక్షరాల మీట నొక్కి పెట్టి ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నీకు చేతగాకపోతే చెప్పు. సైకిలేసుకుని తిరుపతికన్నా పోదాం.”

“తిరపతిలో మాత్రం తెరిసి పెట్టుకోని ఉండారా? బంద్ గదా. నువ్వు గమ్మునుండు సుజనా, తల తినొద్దు.”

“మీరిద్దరూ కొట్లాడుకోబాకండి” అంది ధరణి. అంతే. మేం నోళ్లు మూసుకున్నాం. పొద్దున్నించీ ఆమె నీళ్లు కూడా తాగలేదు. నేను పెట్టిన అన్నం కంచం స్టూలు మీద అలాగే ఎండిపోతోంది. చెంగయ్య మాత్రం ఉండుండి, “అయితే అంటే ఏముంటాదమ్మా? లారీ దొరికింది, అయితే రిపేరులో ఉండాది అని ఉంటాది. అట్ట గూడా ఉండొచ్చు గదా?” అని తనకు తానే చెప్పుకుంటున్నాడు. ధరణి “ఉండొచ్చు మామా” అంటోంది. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అదే గొంతు.

పొద్దు వాలింది. ఆ రోజుల్లో మాకు ఆరింటికి కరెంటు పోయేది. పోతే రెండు గంటలకు గానీ రాదు. ఆ లోపల ఉత్తరం చదవకపోతే ఇంకో రెండు గంటలు ఆ ‘అయితే’ దగ్గరే నిలబడాలి.

అన్నకు కొత్త ఆలోచన వచ్చింది. మోడెము కలిశాక దాని అరుపు ఆగిపోతుంది కదా, అది ఆగకుండా చేసే ఆదేశం ఒకటి ఉందట. అదేదో టైపు చేశాడు. “అరవనీ. తెగేముందు ఏం జరగతాందో చెవులారా ఇనాల. అప్పుడు దొరుకుతాది దొంగ” అన్నాడు. పొద్దున్నించీ అతను చేసిన పనుల్లో బుద్ధున్న పని అదొక్కటే.

కలిసింది. ఈసారి అరుపు ఆగలేదు. వాన రేకుల మీద పడుతున్నట్టు ఒకటే హోరు గది నిండా. ఆ హోరులోనే మెయిల్ పెట్టె తెరుచుకుంది. సునీల్‌కుమార్ పేరు. అన్న నొక్కాడు. తెర తెల్లబడింది. ‘డియర్ శేఖర్’ అని పడింది.

హోరు మధ్యలో ‘టిక్’ అని వినిపించింది. స్టీలు గ్లాసు మీద గోటితో కొట్టినట్టు. హోరు ఒక్కసారి తడబడింది. కాస్త ఆగి ఇంకోసారి ‘టిక్’. దీపాలు ఆరిపోయాయి.

ఆ శబ్దం నాకు తెలుసు. రోజూ ఫోను చెవిలో పెట్టుకునేదాన్ని నేనే కదా.

“అన్నా, కాల్ వెయిటింగ్! ఎవరో ఫోన్ చేస్తాండారు. మోడెము లైన్లో ఉంటే మనకు రింగు రాదు గదా, ఆ టిక్కు వస్తాది. ఆ టిక్కుకే ఇది చస్తాంది.”

అన్న నుదురు కొట్టుకున్నాడు. “ఓరి నీ... నేనే పెట్టించుకొస్తి గదా దాన్ని!” వెంటనే ముఖం విప్పారింది. “దానికి మందుండాది. డయల్ చేసేముందు ఒక కోడు కొడితే కాల్ వెయిటింగ్ ఆగిపోతాది. రెండే నిమిషాలు, ఉత్తరం సదివేయొచ్చు.” కీబోర్డు మీద చేతులు పెట్టేశాడు.

“తాళన్నా” అంది ధరణి.

ఆ గొంతు వేరుగా ఉంది. అన్న చేతులు ఆగిపోయాయి.

“ఫోన్ చేసింది ఎవురు?”

“ఎవురైతే ఏమి ధరణీ? ఎవురో...”

“ఎన్ని టిక్కులు ఇనపడినాయి?”

“రెండు” అన్నాను నేను. అన్నాక గానీ ఆ లెక్క నాకు తట్టలేదు.

ధరణి నా వైపు తిరిగింది. “పొద్దున రెండుసార్లు తెగింది గదా సుజనా. మొదటిసారికీ రెండోసారికీ మధ్యన ఎంతసేపు?”

మోడెము మళ్లీ అరిచి, కలిసి, పెట్టె తెరుచుకుని, ఒక వరుస పడేంతసేపు. నేను చెంగయ్య చేతిలోని బీడీకట్టను చూశాను. ధరణీ దాన్నే చూస్తోంది.

అన్నకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడంలో తప్పు కూడా లేదు. “అమ్మా, నా మాట ఇను. రెండో టిక్కుకే మన లైను తెగిపోతాది. అవతలోళ్లు మూడు కొట్టినారో, పది కొట్టినారో మనకెట్ట తెలస్తాది? మా చిన్నాయన అయినా చేసుండొచ్చు. ఇంకో ఇంటి డ్రైవరైనా చేసుండొచ్చు. ఉత్తరం అట్ట గాదు. అది వచ్చి కూసోనుండాది. కరెంటు పోయేలోపల సదివితే నిజం తెలిసిపోతాది.”

“ఆయనే అయితే ఒక బీడీ తాగి మళ్లా కొడతాడు.”

“కొట్టకపోతే?”

ధరణి షట్టరు కిందికి చూసింది. బయట వెలుతురు తగ్గిపోతోంది. అన్న బతిమాలుతున్నట్టుగా చెంగయ్యను చూశాడు. ఆ ముసలాయన బీడీకట్టను గుప్పిట్లో బిగించాడు. “నాకేం తెలస్తాదప్పా. ఆయమ్మ ఎట్ట చెప్తే అట్ట చెయ్యి” అన్నాడు.

“ఫోను పెట్టన్నా” అంది ధరణి. తరువాత మామ దగ్గరికి వెళ్లి నిలబడింది. “మామా, బీడీ ముట్టించు.”

“మొక్కుకున్నా గదమ్మా!”

“లెక్క కోసరం మామా. ఆయన తాగేదీ ఈ బీడీనే గదా. సామి ఏమనుకోడు.”

“గడియారం ఉండాది గదా గోడకు” అన్నాడు అన్న.

“గడియారం లెక్క ఆయనకు తెల్దు” అంది ధరణి.

చెంగయ్య కట్టలోంచి ఒక బీడీ తీశాడు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడో పుల్ల నేనే గీసి పట్టుకున్నాను. ఆయన ఒక్క దమ్ము లాగి, పొగ వదలడం మరచిపోయి, దగ్గు తెరలో మునిగిపోయాడు.

అప్పుడు గానీ మాకు గుర్తు రాలేదు, ఫోను బీరువాలో ఉంది. దాని తీగలో ముక్క కోసి అన్న దండెం కట్టేశాడు.

అన్న బీరువా తెరిచి ఫోను లాగాడు, తీగ చిక్కుపడింది. నేను చిక్కు తీస్తున్నాను, అతను మెలేసినవి విప్పుతున్నాడు. ఒక తీగ చేతికొచ్చింది, రెండోది గోడ డబ్బాలోకి జారిపోయింది. “స్క్రూడ్రైవర్!” అంటాడు, అది అతని జేబులోనే ఉంది. వెనక బీడీ కాలుతోంది. వాసన తెలుస్తోంది. నేను తలతిప్పి చూశాను. సగానికొచ్చింది.

“మెల్లిగా తాగు పెదనాయనా!”

“మెల్లిగా తాగొద్దు మామా. ఆయన తాగినట్టే తాగు” అంది ధరణి.

అన్న తీగను పళ్లతో ఒలిచాడు. పెదవి కోసుకుని రక్తం వచ్చింది, తుడుచుకోలేదు. రెండు కొనలూ మెలేశాడు. నేను ఫోను ఎత్తి చెవిలో పెట్టుకున్నాను. ఏమీ లేదు. గోడను విన్నట్టుంది.

“లేదన్నా. టోన్ లేదు.”

“ఇప్పుడు?”

“లేదు.”

“ఇప్పుడు?”

‘కుయ్’మని వచ్చింది. జన్మలో ఆ కూత అంత తియ్యగా ఎప్పుడూ వినలేదు. గబుక్కున ఫోను పెట్టేశాను. పెట్టిన మరుక్షణమే కరెంటు పోయింది.

ఫ్యాను మెల్లగా తిరిగి ఆగిపోయింది. కంప్యూటరు తెర మూసుకుంది. సగం దించిన షట్టరు కింద కొంచెం మసక వెలుతురు తప్ప గదంతా చీకటి. ఇక ఉత్తరం కూడా లేదు. చెంగయ్య వేళ్ల మధ్య ఎర్రటి చుక్క ఒక్కటే కనిపిస్తోంది. అది వెలుగుతోంది, తగ్గుతోంది, వెలుగుతోంది. మేం ఫోనును చూడటం లేదు. నలుగురం ఆ చుక్కనే చూస్తున్నాం.

చుక్క దారం దాకా వచ్చింది. దారమూ కాలిన వాసన వచ్చింది. చెంగయ్య దాన్ని పారేయలేదు, గోళ్లతో పట్టుకున్నాడు. వేళ్లు కాలుతుంటాయి. చివరికి అది తనంతట తనే ఆరిపోయింది.

ఫోను మోగలేదు.

అన్న పెద్దగా ఊపిరి వదలడం వినిపించింది. ‘నేను చెప్పలేదా’ అన్నట్టు కాదు పాపం, ఏడుపు ఆపుకోవడానికి. ధరణిని తిట్టుకోవాలనిపించింది నాకు. ఎందుకమ్మా నీకీ ఆశ, ఉత్తరం చదువుకుని ఏడ్చేస్తే పోయేది కదా అనుకున్నాను. అనుకున్నందుకు వెంటనే నన్ను నేను తిట్టుకున్నాను.

“బూతుకాడ జనముంటారు” అంది ధరణి చీకట్లోంచి. “వరస్లో నిలబడల్ల గదా.”

ఫోను మోగింది.

నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. ధరణి నా మణికట్టు పట్టేసుకుంది. అంత బలం ఆ పిల్లకు ఎక్కడిదో, గాజు నా చర్మంలోకి దిగింది.

మళ్లీ మోగింది. రెండోది. అది ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దంలో మేం మూడో రింగు కోసం ఎదురుచూశాం. రావద్దు, రావద్దు, రావద్దు అని నేను లోపల్లోపల గొణుక్కుంటున్నాను. మా బూతులో ఫోను మోగొద్దని నేను మొక్కుకోవడం అదే మొదటిసారి.

మూడోది రాలేదు.

ఇంకా చాలాసేపు ఆగాం. రాలేదు. ధరణి నా చెయ్యి వదిలి, ఫోను ముందు నేల మీద చతికిలబడి, ఆ ఫోనునే తిట్టడం మొదలుపెట్టింది.

“భూమి బద్దలైపోయినా నీకు బిల్లు పడగూడదు గదయ్యా! రెండు కొట్టి పెట్టేస్తావా? ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోతాది? నేనీడ సచ్చిపోతాంటే నీకు బీడీ కావలసి వచ్చిందా? రా, ఇంటికి రా, చెప్తా నీ పని!” తిడుతూ తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. చెంగయ్య తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేను షట్టరు పైకెత్తి గుమ్మంలోకి వెళ్లి, ఎదురింట్లో ఎవరూ లేరని తెలిసి కూడా, గొంతు చించుకుని అరిచాను, “ధరణీ, మీ ఆయన రెండు కొట్టినాడు!” వెనకనుంచి ధరణి, “విన్నా, విన్నా” అంది.

వాళ్లిద్దరూ ఇంటికి వెళ్లాక, కరెంటు వచ్చింది. అన్న కాల్ వెయిటింగ్ ఆపి, నెట్ కలిపాడు. ఒక్క తడబాటు లేకుండా కలిసింది. ఉత్తరం మొత్తం వచ్చింది.

లారీ కనపడింది, అయితే దాని మీద గోడౌను గోడ మొత్తం కూలి ఉంది. కేబిన్ నుజ్జయి నేలకు అతుక్కుపోయింది. డ్రైవర్లు రాత్రుళ్లు కేబిన్‌లోనే పడుకుంటారని, ఆ యార్డులో ఎవరూ మిగల్లేదని అక్కడివాళ్లు చెప్పారు. ఇంక ఆశ పెట్టుకోవద్దు, చెంగయ్య మామకు నువ్వే మెల్లగా చెప్పు, ధరణిని ఒంటరిగా వదలొద్దు. అదీ ఉత్తరం.

ధర్మేంద్ర పొద్దున్నే లేచి టీ కోసం రోడ్డు అవతలికి పోయాడనీ, చొక్కాతో సహా డబ్బులన్నీ కేబిన్‌లోనే పోయాయనీ, ఎవరో ఎక్కించుకున్న లారీలో వస్తూ దారిలో కనపడిన బూతుల్లో ‘రెండే రింగులు’ అని చేతులు పట్టుకుని బతిమాలాడనీ అతను వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు. అప్పటికి మాకు తెలిసింది ఆ తెర మీదిది ఒక్కటే. పొద్దున అది మొదటిసారే తెరుచుకుని ఉంటే ఏమయ్యేదో అనుకుంటూ ఇద్దరం దాని ముందు కూర్చుండిపోయాం. అన్న పెదవి మీద రక్తం ఎండిపోయి ఉంది.

చెప్పుల చప్పుడైంది. ధరణి. చేతిలో గిన్నె, మూత కింద ఇంకా పొగలు కక్కుతున్న పాయసం. అన్న తటాలున తెర ఆర్పేశాడు.

“కరెంటు వచ్చింది గదా. ఉత్తరం సూసినావా అన్నా? సునీలు ఏం రాసినాడు?”

అన్న నన్ను చూశాడు. నేను గిన్నె అందుకుని మూత తీశాను.

“బాగుండాడనే రాసినాడమ్మా” అన్నాడు అన్న. “ఇంటికి బయల్దేరినాడంట.”

“ఆ ముక్క చెప్పేదానికి నీ కంప్యూటరుకు పొద్దుగూకులూ పట్టిందా?” అని ధరణి పకపకా నవ్వింది. మా అన్న తల వంచుకుని పాయసం తాగాడు.